పేనుబంక కడుపులో కాపలా

మందుల మామయ్య అంటే కొత్తవాళ్లు ఆయనకి మందుల షాపు ఉందనుకునేవాళ్లు. నిజానికి ఆయన కొట్టింది పురుగుమందు. ఎవరి తోటలో పురుగు పడ్డా, వీపుకి ట్యాంకు తగిలించుకుని బయల్దేరేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోవయ్యా అంటే చెవిన పెట్టేవాడు కాదు. చివరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. "ఇంకోసారి ఆ వాసన పీల్చావంటే నా దగ్గరికి రాకు, దండగ" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అప్పుడు ఆయన అక్క కబురు పెట్టింది. ఆవిడకి ఊరి బయట గాజు షెడ్లున్నాయి. అన్నిట్లోనూ బీన్స్ తీగలే. "వచ్చి తీగలు కట్టు, నీళ్లు పెట్టు. మందు ఊసు మాత్రం ఎత్తకు. పురుగుల సంగతి చిట్టి చూసుకుంటుంది" అంది.

చిట్టి అక్క కూతురు. పురుగుల మీద పెద్ద చదువే చదివి వచ్చి, షెడ్ల పక్క గదిలో వలగుడ్డ బిగించిన పెట్టెల్లో కందిరీగల్ని పెంచుతోంది. మనల్ని కుట్టి వాపు తెప్పించే కందిరీగలు కావవి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు. బీన్స్‌కి పట్టే నల్ల పేనుబంక పురుగు కనిపిస్తే మాత్రం వదలవు.

"పురుగుని చంపడానికి ఇంకో పురుగా? బాగుందే! ఇక దొంగల్ని పట్టుకోడానికి దొంగల్నే జీతానికి పెట్టుకుందాం" అని మామయ్య నవ్వాడు.

చిట్టి వాదన పెట్టుకోలేదు. ఆయన చేతికో భూతద్దం ఇచ్చి ఒక ఆకు ముందు కూర్చోబెట్టింది. ఆకు వెనక పేనుబంక గుంపులు గుంపులుగా రసం పీలుస్తోంది. ఒక కందిరీగ వచ్చి వాలింది. మీసాలతో ఒకదాన్ని తడిమింది. పొట్టని కాళ్ల సందులోంచి ముందుకి వంచి, తటాలున ఒక్క పోటు పొడిచింది.

"అంతే మామయ్యా. గుడ్డు లోపల పెట్టేసింది."

పొడిపించుకున్నది ఏమీ ఎరగనట్టు రసం తాగుతూనే ఉంది. కొన్నాళ్లకి అదే పేనుబంక ఉబ్బి, గట్టిపడి, గోధుమరంగు గుల్లయిపోయింది. లోపలి పిల్ల దాన్ని తినేసిందన్నమాట. తర్వాత ఒక పొద్దున ఆ గుల్లకి గుండ్రంగా తలుపు కోసుకుని కొత్త కందిరీగ బయటికొచ్చి, రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది. మామయ్య నోరు వెళ్లబెట్టాడు. ఇన్నేళ్లూ పురుగుల్ని చంపాడే కానీ, ఒక్కదాన్నైనా చూసిన పాపాన పోలేదు. ఆ రోజు నుంచి షెడ్లకి వచ్చినవాళ్లని ఊరికే పోనిచ్చేవాడు కాదు. భూతద్దం చేతికిచ్చి గుల్లల్ని చూపించాకే వదిలేవాడు.

అంతా సాఫీగా నడుస్తుండగా చివరి షెడ్డు మొండికేసింది. కందిరీగల్ని ఎన్నిసార్లు వదిలినా అక్కడ గుల్లలన్నవే లేవు. పేనుబంక తీగల నిండా నల్లగా పేరుకుపోయింది, ఆకులు ముడుచుకుపోయాయి.

"నీ కందిరీగలు సమ్మె చేస్తున్నాయేమిటే?" అంది అక్క.

"లేదక్కా, నేను కళ్లారా చూశాను. పొడుస్తూనే ఉన్నాయి" అన్నాడు మామయ్య, సొంత పిల్లల్ని అన్నంత ఉక్రోషంగా.

పొడుస్తున్నాయి, కానీ పిల్లలు పుట్టడం లేదు. చిట్టి ఆ షెడ్డులోని పేనుబంకల్ని తెచ్చి, పొడిపించి, కొన్నాళ్లాగి మైక్రోస్కోపు కింద సన్నని సూదులతో విప్పింది. "ముందు ఇది చూడు" అని వేరే షెడ్డులోదాన్ని చూపించింది. లోపల తెల్లటి చిన్న పిల్ల కదులుతోంది. "ఇప్పుడిది." చివరి షెడ్డుదాంట్లో గుడ్డు నల్లబడి, ముడుచుకుపోయి, చచ్చి ఉంది.

"ఎవరు చంపారే దాన్ని?"

చిట్టికీ అనుమానమే కానీ రుజువు లేదు. తను చదువుకున్న కాలేజీకి కొన్నిటిని పంపింది. జవాబు వచ్చిన రోజు ఆమె గొంతు మారిపోయింది.

"మామయ్యా, వీటి ఒంట్లో ఇంకొకళ్లు కాపురముంటున్నారు. ఒక రకం బ్యాక్టీరియా. కందిరీగ గుడ్డు లోపలికొస్తే దాన్ని పెరగనివ్వదు. ఇల్లు పోతే తనకీ నిలువ నీడ ఉండదు కదా, అందుకని ఇంటిని కాస్తుంది. తమాషా ఏంటంటే, ఆ విషం కిటుకు బ్యాక్టీరియాది కూడా కాదు. దాని లోపల ఒక వైరస్ ఉందిట, విషం దానిది."

మామయ్య వేళ్లు ముడిచాడు. తీగ మీద పేనుబంక, పేనుబంకలో బ్యాక్టీరియా, బ్యాక్టీరియాలో వైరస్. పైనుంచి పొడుస్తూ కందిరీగ.

"ఇది దానికెక్కడ దొరికింది?"

"పుట్టింటి సొత్తు. ఇవి గుడ్లు పెట్టవుగా, నేరుగా ఆడపిల్లల్నే కంటాయి. తల్లి ఒంట్లోంచి కూతురి ఒంట్లోకి, దాని కూతురి ఒంట్లోకి."

"మరైతే అన్నీ పెట్టుకోవచ్చుగా కాపలా?"

"కాపలావాడికి తిండి పెట్టొద్దూ? కందిరీగలు లేని చోట వీటికంటే మామూలువే ఎక్కువ కాలం బతుకుతాయి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. కందిరీగల్ని అదే పనిగా వదిలింది మనమే కదా. ఈ షెడ్డులోకి ఎలాగో ఇలాంటివి కొన్ని వచ్చాయి. మామూలువన్నీ పోయాయి, కాపలా ఉన్నవే మిగిలాయి."

ఆయన పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లిగా అడిగాడు. "నా లోపల కూడా ఉంటాయా, ఇలాంటివి?"

"కోటానుకోట్లు. చాలావాటికి ఇంకా పేర్లు కూడా పెట్టలేదు."

ఆ పూట భోజనం దగ్గర ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "ఏంట్రా, ఉప్పు ఎక్కువైందా?" అంది అక్క. "లేదు. ఎంతమందికి పెడుతున్నానో అని ఆలోచిస్తున్నా" అన్నాడు. ఆవిడ ముక్కున వేలేసుకుంది.

చివరి షెడ్డు పంట దక్కలేదు. తీగలన్నీ పీకించి కాల్పించేసింది అక్క. చిట్టి మాత్రం ఆ పేనుబంకల్ని కొన్నిటిని కుండీ మొక్కల మీద పెట్టెల్లో దాచింది. వేర్వేరు చోట్ల నుంచి రకరకాల కందిరీగల్ని తెప్పించి వాటి మీదే వదలడం మొదలుపెట్టింది.

"అన్నీ ఒక్కలా ఉండవు మామయ్యా. ఎక్కడో ఒకదాని పిల్ల ఆ విషాన్ని తట్టుకోవచ్చు. తట్టుకోకపోనూవచ్చు."

పెట్టెల్ని చూసే పని మామయ్య తీసుకున్నాడు. రోజూ ఆకు ఆకూ తిప్పి చూసేవాడు. పేనుబంక కళకళలాడుతుండేది. గుల్ల మాత్రం లేదు. పెట్టె తర్వాత పెట్టె అలాగే పోయింది. "ఈ పెట్టెలతో ఆపేద్దాం మామయ్యా, అమ్మని ఇంకా ఇబ్బంది పెట్టలేను" అంది చిట్టి ఒక రోజు.

ఆ చివరి పెట్టెల్లోనే ఒకదాంట్లో, ఒక ముదురు ఆకు ఈనె పక్కన, ఆయనకి గోధుమరంగు మచ్చ కనిపించింది. మట్టేమో అనుకుని ఊదాడు. కదల్లేదు. భూతద్దం పెట్టి చూశాడు. గుల్ల!

"చిట్టీ!" అని అరవబోతే దగ్గొచ్చింది. దగ్గుతూనే ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

తర్వాతి రోజులు ఇద్దరూ ఆ గుల్లని పసిబిడ్డ ఉయ్యాల కంటే జాగ్రత్తగా చూసుకున్నారు. ఒక ఉదయం గుల్ల లోపల్నుంచి సన్నగా కొరుకుతున్న గీత కనిపించింది. గీత వంగింది, గుండ్రమైంది. తలుపు లేచింది. ముందు మీసాలు, తర్వాత తల. అది అక్కడే ఆగిపోయింది. మామయ్య ఊపిరి బిగబట్టాడు, తన ఊపిరి తగిలి ఎక్కడ పడిపోతుందోనని. అది ఒళ్లు కూడదీసుకుని ఒక్క గుంజుతో బయటపడింది.

ఇన్నిటిని చంపిన ఆ విషంలోనే పుట్టి, అందులోనే పెరిగి బయటికొచ్చింది ఆ నలుసు. మామయ్య కళ్లు చెమర్చాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

దాన్ని అదే పేనుబంకల మీద వదిలారు. దాని పిల్లల్లో చాలా పోయాయి, కొన్ని నిలిచాయి. వాటి పిల్లల్లో ఇంకాసిని నిలిచాయి. మళ్లీ పంట వేసి, మళ్లీ కాపలా ఉన్న ఆ నల్ల పేనుబంకే దిగేసరికి, వదలడానికి చాలినన్ని ఉన్నాయి. వదిలిన కొన్నాళ్లకి చివరి షెడ్డు ఆకుల వెనక అక్కడక్కడా గుల్లలు తేలాయి. కొన్ని తీగలు ఎండాయి, ఎక్కువ తీగలు కాపుకొచ్చాయి.

"అయితే గెలిచినట్టేనా?" అంది అక్క, కాయలు తెంపుతూ.

"ఈ పంటకి గెలిచాం. అవి మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటాయా? ఈ కందిరీగల్ని కూడా ఆపే కాపలా ఒకటి ఎక్కడో తయారవుతూనే ఉంటుంది. దాన్ని దాటే కందిరీగ కూడా. మనుషులు పుట్టకముందు నుంచీ ఇదే వరస" అంది చిట్టి.

మామయ్య ఒక ఆకు తిప్పి చూస్తున్నాడు. దాని వెనక ఖాళీ గుల్ల ఒకటి, దాని పక్కనే, పొడిచినా లొంగకుండా నిండుగా ఉన్న పేనుబంక ఒకటి, దాని వెనకే అప్పుడే పుట్టి ఇంకా కాళ్లు నిలదొక్కుకోని కూతురు. గాజు కప్పులోంచి ఎండ ఆకు మీద పడి, ఈనెలన్నీ వెలిగాయి. ఆయన ఆకుని మెల్లిగా, యథాస్థానంలోకి వదిలాడు.