నాలుగో బల్ల

బజ్జీల పిండిలో వాము వేశావా అని శ్రీపతి మూడోసారి అడిగాడు. వేశానని అనంతలక్ష్మి మూడోసారీ చెప్పింది. న్యూజీలాండ్‌లో, ఆక్లండ్ ఊరి శాండ్రింగ్‌హామ్ పేటలో అద్దెకు తీసుకున్న ఆ హాలు వంటగదిలో ఆమె ఉదయం ఏడింటి నుంచీ నిలబడే ఉంది. బయట పెద్ద గదిలో చదరంగం పోటీ జరుగుతోంది. 1927లో పదహారు దేశాల జట్లు లండన్‌లో చేరి ఆడిన పోటీకి ఈ ఏడు ఎనభై ఏళ్ళు నిండాయని ఊళ్ళో చెస్ క్లబ్బు వాళ్ళు పెట్టిన సంబరం అది. అప్పటిలాగే జట్టుకి నలుగురు, నాలుగు బల్లలు. ఎవరు ఏ దేశం నుంచి వచ్చి ఆక్లండ్‌లో సెటిల్ అయ్యారో ఆ దేశం పేరు మీద ఆడాలి. తెలుగు సంఘం వాళ్ళు ఇండియా పేరు రాయించుకున్నారు. కెప్టెన్ శ్రీపతి, కెప్టెన్ బల్ల ముందు కూర్చుని ఆడకూడదని రూలు. చాయ్, బజ్జీలు కెప్టెన్ గారి భార్యవి. అలా అని ఎవరూ తీర్మానం చేయలేదు, ఆమెను అడిగిందీ లేదు.

నిజానికి ఆ లండన్ పోటీ గురించి ఆ హాల్లో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆమెకే. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు వదిలించుకుంటున్నప్పుడు దొరికిన అట్ట ఊడిన పుస్తకాన్ని తాము ఉండే టకానిని నుంచి సిటీకి వెళ్ళే రైల్లో రెండేళ్ళుగా చదువుతోంది. ఆ పదహారు దేశాల్లో ఇండియా లేదు, న్యూజీలాండూ లేదు. మగవాళ్ళ ఆటలన్నీ పేజీల కొద్దీ వేసి, అదే రోజుల్లో అక్కడే ఆడవాళ్ళ పోటీ కూడా జరిగిందని మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. ఆ రెండు వాక్యాలను ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఆఫీసులో అడుగుపెట్టగానే ఆమె ‘ఆనా’ అయిపోతుంది, పూర్తి పేరు పలకడానికి వాళ్ళకు తీరిక ఉండదు. ఇంటికి రాగానే ‘లక్ష్మీ’. మధ్యలో ఆ రైల్లోని నలభై నిమిషాలే ఆమెవి. ఇంట్లో కందిపప్పు డబ్బా వెనక అరచేతంత అయస్కాంతపు బోర్డు దాచుకుంది. కుక్కర్ మూడు విజిళ్ళు వేసేలోగా ఒక ఎత్తు ఆలోచించుకుంటుంది. ఒకసారి అది శ్రీపతి కంటపడింది. “పిల్లల ఆటసామాను వంటింట్ల ఎందుకు?” అని హాల్లో పడేసి పోయాడు.

ఆట నేర్పింది నాన్న. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఆదివారాలు ఆయనకు జోడీ ఆమే. పెళ్ళయిన కొత్తలో శ్రీపతితో ఒకే ఒక్కసారి ఆడి, ఇరవై నిమిషాల్లో ఓడించింది. అత్తగారు నవ్వుతూనే, “మొగన్ని ఓడగొట్టి ఏం సంపాయిస్తవు బిడ్డా?” అన్నది. ఆ తర్వాత ఆమె బోర్డు తీయలేదు, అతనూ రమ్మనలేదు. పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి. అత్తగారి మీద ఆమెకు ఇప్పుడు కోపం లేదు. అప్పుడు నోరు మూసుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఉదయం ఆటలో నాలుగో బల్ల మీద ఆడే నారాయణ జట్టు కొంప ముంచాడు. హన్మకొండలో వాళ్ళ ఇంట్లో ఆడుకున్నట్టే మొదటి ఎత్తుకు రెండు బంట్లను కలిపి తలో గడి జరిపాడు. క్లబ్బు కార్యదర్శి డోరీన్ వచ్చి, ఒక ఎత్తుకు ఒకటే జరపాలని నెమ్మదిగా చెప్పింది. “మా తాత కాన్నుంచి గిట్లనే ఆడుతున్నం. ఆట పుట్టిందే మా దగ్గర, మాకు నేర్పుతవా?” అని తెలుగులోనే దులిపేసి, కారెక్కి వెళ్ళిపోయాడు. తాతను అంటే పడతాడా మరి.

మధ్యాహ్నం ఆట హంగేరీ వాళ్ళతో. 1927లో గెలిచింది వాళ్ళ దేశమే, ఆ నిగనిగ ఇవాళ్టికీ వాళ్ళ ముఖాల్లో ఉంది. అరగంటలోగా ఎవరూ కూర్చోకపోతే నాలుగో బల్ల పోయినట్టే. శ్రీపతి ఫోన్లు చేశాడు. ఫొటోలు తీసే అబ్బాయిని అడిగాడు. హాలు తాళాలు చూసుకునే ఆయన్ని కూడా అడిగాడు. మంచినీళ్ళ కోసం రెండుసార్లు వంటగదిలోకి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న భార్య పక్కనుంచే గ్లాసు తీసుకుని వెళ్ళాడు.

డోరీన్ జట్టు పేర్ల కాగితం పట్టుకుని వంటగది తలుపు దగ్గరికి వచ్చింది. “అదనపు ఆటగాడి గడిలో ఒక పేరు ఉంది. ఏ.లక్ష్మి ఎవరు?”

గడి ఖాళీ ఉంచకూడదన్నారని శ్రీపతి తోచిన పేరు రాసి పడేశాడు. ఆ సంగతి అతనికే గుర్తులేదు.

“నేనే,” అన్నది అనంతలక్ష్మి. స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ నాలుగో బల్ల దగ్గరికి నడిచింది. పట్టరాని సంతోషం. తెల్ల పావులు ఆమెవి. ఎదురుగా తెల్లగడ్డం పెద్దాయన లేచి చెయ్యి కలిపాడు. ఆ చేతికి ఉల్లి ఘాటు తగిలి ఉంటుంది.

ఆమె వేళ్ళు రాజు ముందు బంటు మీద పెట్టిందో లేదో, గుమ్మంలో నారాయణ. కోపం దిగిపోయినట్టుంది. శ్రీపతి ప్రాణం లేచొచ్చి పరుగున వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు.

“లే లక్ష్మీ, నారాయణ అచ్చిండు. చాయ్ టైమైతుంది.”

ఆమె వేళ్ళు తీయలేదు.

“ముట్టుకున్న,” అన్నది. “ముట్టుకున్నంక ఆడాల్సిందేనట. రూల్.”

“గట్లంటే చాయ్ ఎవరు పెడ్తరు?”

“నారాయణ అచ్చిండు గద.”

ఒక్క బంటునే రెండు గడులు ముందుకు జరిపి, గడియారం నొక్కింది. గడ్డం పెద్దాయన గుర్రుగా చూసేసరికి శ్రీపతి వెనక్కి తిరిగాడు.

ఇరవయ్యో ఎత్తుకల్లా పెద్దాయన కోటు విప్పేశాడు. ముప్ఫయ్యో ఎత్తుకు గడ్డం పీక్కోవడం మొదలుపెట్టాడు. వంటగదిలోంచి బజ్జీలు మాడుతున్న వాసన, నారాయణ దగ్గు వస్తున్నాయి. శ్రీపతి తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. ముక్కు మీద శనగపిండి.

“లక్ష్మీ,” అన్నాడు గుసగుసగా, “చాపత్తి ఏ డబ్బల ఉన్నది?”

నీలం మూత డబ్బాలో. పద్దెనిమిదేళ్ళ అలవాటు, జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎదురుగా గోడ మీద, ఆట నడిచేటప్పుడు మాట్లాడరాదని రాసి ఉంది. అనంతలక్ష్మి ఆ కాగితాన్ని మొగుడికి వేలితో చూపించి, అదే వేలితో గుర్రాన్ని ముట్టుకుంది.