చెక్కకి వదిలిన కుట్టు

దర్జీ ఎవరినీ క్షమించేవాడు కాదు. కుట్టించుకున్న చొక్కాని నెలల తరబడి తీసుకెళ్లనివాణ్ణి, గుండీ ఊడిందని నడివీధిలో అరిచినవాణ్ణి, రెడీమేడ్ కొట్టుకి మారి ఎదురుపడ్డప్పుడు తల తిప్పుకున్నవాణ్ణి, అందరినీ మనసులో వరసగా కూర్చోబెట్టుకున్నాడు. ఆ వరసలో మొదటి పీట బావమరిదిది.

బావమరిదికి పెద్ద బజార్లో రెడీమేడ్ బీరువాల కొట్టు ఉంది. పగకి అదొక్కటే చాలు. దానికి తోడు, దర్జీ భార్య పోయాక ఒకరోజు వచ్చి, దర్జీ ఇంటి వెనక గది గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక మాటన్నాడు.

"మా అక్క ఉన్నన్నాళ్లూ ఇది ఇల్లు బావా. ఇప్పుడు గొడ్లచావిడి."

మాట అబద్ధమైతే దర్జీ ఊరుకునేవాడేమో. నిజం కావడంతో అది లోపల దిగబడి తుప్పు పట్టింది.

మనవరాలికి ఆ ఊళ్లోనే నర్సింగ్ స్కూల్లో సీటొచ్చింది. కూతురు ఫోన్ చేసింది.

"హాస్టల్ వద్దనుకుంటున్నాం నాన్నా. మామయ్య వాళ్లింట్లో ఒక గది ఖాళీగా ఉందన్నాడు."

"నాకు గది లేదా?"

"ఉంది. అందులో మనిషి పట్టడు. అది పుస్తకం ఎక్కడ పెట్టుకుంటుంది? నీ మూటల మీదా?"

"పట్టేలా చేస్తాను."

"ఎవరు, నువ్వా?" కూతురు నవ్వింది. "నువ్వు గోడకి ఒక్క మేకు కొట్టగా చూళ్లేదు నేను."

"చూద్దువు గాని."

"సరే, వచ్చే ఆదివారం వస్తాం. రెండు గదులూ చూస్తాను. ఏది బాగుంటే పిల్ల అక్కడుంటుంది. తర్వాత నువ్వు అలిగి కూర్చుంటే కుదరదు."

దర్జీ ఫోన్ పెట్టేశాడు. ఆ ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు తప్ప రెండో గొంతు వినపడి చాలాకాలమైంది. పిల్ల వస్తే రోజూ ఎవరితోనైనా పోట్లాడొచ్చు. ఆ ఆశ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మనసులోది చెప్పుకునే అలవాటు అతనికి లేదు.

వెనక గది నిండా గుడ్డముక్కలు. ముక్క మిగల్చని దర్జీ భూమ్మీద లేడు. ఏ ఇంటి ముక్కల్ని ఆ ఇంటి మూటగా భార్య కట్టి పెట్టేది. ఆమె ముడి వేస్తే ముడే. విప్పబోతే దర్జీ గోరు విరిగింది.

"చచ్చినా పట్టు వదల్లేదు మహాతల్లి," అని తిట్టి, ముడిని కత్తెరతో కొయ్యబోయి ఆగాడు. గుండుసూదితో తవ్వి, విడదీసి విప్పాడు.

ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అని ఇల్లు సర్దేవాళ్లు తలలు పట్టుకుంటారు. దర్జీకి ఆ బెంగ లేదు. తనని ఏ ఇంటివాడు ఏమన్నాడో గుర్తుంది. అన్నవాడి మూట బయటికి. ప్యాంటు బిగువైందని వాదించిన హోటల్ యజమాని మూట బయటికి. కొడుకు పెళ్లికి రెడీమేడ్ కోటు కొన్న గుమాస్తా మూట బయటికి. మధ్యాహ్నం అయ్యేసరికి గది నేల కనిపించింది. అంతమంది మీద పగ ఉన్నందుకు మొదటిసారి లాభం కలిగింది. ఆ గుట్టంతా చేతులు తుడుచుకోమని మెకానిక్ షెడ్డుకి ఇచ్చేశాడు.

ఏ పగా లేని ముక్కలు చిన్న కుప్ప మిగిలాయి. సంచీ మోసి మోసి ఒక భుజం జారిన పోస్టుమాన్‌వి, దర్జీ జ్వరంతో పడుకున్నప్పుడు రెండు పూటలా మందు తెచ్చిచ్చిన కాంపౌండర్‌వి, కూతురి చిన్నప్పటి గౌన్లవి. అడుగున నీలం చారల మందపాటి గుడ్డ ఒకటి దొరికింది. బావమరిది పెళ్లి సూటు ముక్క. దర్జీ దాన్ని మెకానిక్ గుట్టలో వెయ్యలేదు. కాసేపు చూసి, మడిచి, మిషన్ పక్కన పెట్టుకున్నాడు.

తర్వాత గోడలు. ఇనప సామాన్ల కొట్టు ఆవిడ లప్పం, ఉప్పుకాగితం, లేత పసుపు రంగు, బ్రష్షు ఇచ్చింది. పగుళ్లలో లప్పం కూరి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాడు. అందాకా బాగానే సాగింది. రంగు మాత్రం వంగి అందినచోట, అంటే కింది నుంచి మొదలుపెట్టాడు. పైన వేసేసరికి చారలు చారలుగా కిందికి కారింది. కొత్త గోడ ఏడ్చిన ముఖంలా తయారైంది.

"పైనుంచి దిగాలన్నయ్యా," అంది కొట్టావిడ, మళ్లీ రంగు కొనడానికి వెళ్తే. "తల దువ్వుకునేటప్పుడు కింది నుంచి పైకి దువ్వుతావా?"

"చెప్పొచ్చుగా ముందే."

"అడిగితేగా చెప్పడానికి."

ఆవిణ్ణి కూడా వరసలో కూర్చోబెట్టాడు. చారల్ని గీకి, పైనుంచి రెండోసారి వేశాడు.

అసలు పని అరలది. కిటికీకీ మూలకీ మధ్య గోడలోకి వెళ్లిన పెద్ద గూడు ఉంది. అందులో మూడు అరలు, కింద రాసుకోవడానికి వెడల్పాటి బల్ల పలక బిగించాలనుకున్నాడు. మెడలోని టేపు తీసి కొలిచాడు. కర్రల అడితికి వెళ్లి నాలుగు పలకలు కోయించాడు. ఇంటికి తెచ్చి ఎత్తితే ఒక్కటీ గూట్లోకి దూరలేదు. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు ఎక్కువ.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. పిలవని చోటికి వేళకి రావడంలో అతన్ని మించినవాడు లేడు.

"ఏం బావా, పట్టలేదా?"

"నువ్వెందుకొచ్చావు?"

"చూసి పోదామని. కొలత తప్పావా? నువ్వు తప్పవే! అటు రెండు వేళ్లు, ఇటు రెండు..." చటుక్కున ఆగాడు. కళ్లు పెద్దవయ్యాయి. పొట్ట పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. "బావా! చెక్కకి కుట్టు వదిలావా?"

అదే జరిగింది. గుడ్డ కొలిచిన ప్రతిసారీ రెండు వైపులా కుట్టుకి వదలడం చేతికి అలవాటు. చేతి అలవాటు అడితిలో నోటికి వచ్చేసింది.

"పోనీలే, లోపలికి మడిచి కుట్టెయ్. పిల్ల ఒళ్లు చేస్తే విప్పి వదులు చెయ్యొచ్చు!" బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. "ఎందుకొచ్చిన తంటా బావా ఇది? మా ఇంట్లో కొత్త బీరువా పెట్టించాను. అద్దం కూడా ఉంది. ఈ వయసులో నీకు రంపం ఎందుకు?"

"నీ కోసం కొన్నాను. గుమ్మం దాటతావా?"

బావమరిది గుమ్మం దాటాడు, కథ వీధి దాటింది. మర్నాడు మరమేకులకి వెళ్తే కొట్టావిడ తల వంచుకుని అడిగింది: "దారం కూడా ఇవ్వమంటావా అన్నయ్యా?"

దర్జీ పళ్లు బిగబట్టి ఇంటికొచ్చి, మొదటి పలకని టేపు చెప్పినంతకే కచ్చితంగా కోశాడు. ఈసారి దూరింది. దూరింది గానీ ముందు వైపు పట్టి, వెనక మూలలో బొటనవేలు పట్టేంత సందు వదిలింది. ఎడమ చివర ఇంకో సందు. పెన్ను పెడితే జారి పలక వెనక పడిపోతుంది.

పలక బయటికి తీసి చూశాడు, తిన్నగా ఉంది. గూడు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక గోడ పైన లోపలికి వాలింది, నడుం దగ్గర ఉబ్బింది. రెండో గోడ కింద బయటికి తన్నుకుంది. దర్జీకి నవ్వొచ్చింది. ఇది అతనికి తెలిసిన ఒళ్లే. పోస్టుమాన్ భుజం, హోటల్ యజమాని పొట్ట. తిన్నగా ఉన్న ఒళ్లు అతనికి ఏనాడూ తగల్లేదు. తిన్నగా కోసిన చొక్కా ఎవడికీ పట్టలేదు. మరి గోడ తిన్నగా ఉంటుందని ఎవడు చెప్పాడు? బీరువాలు అమ్మేవాళ్లు చెప్పి ఉంటారు.

పాత న్యూస్‌పేపరు తెచ్చి, అర రావలసిన ఎత్తులో గూట్లోకి నొక్కి పెట్టాడు. గోడ ఎలా ఒంపు తిరిగితే అలా వేలితో మడత నొక్కాడు. మడత వెంట కత్తిరించాడు. కాగితం గోడకి అతుక్కున్నట్టు కూర్చుంది. రెండో ఎత్తుకి ఇంకో కాగితం, బల్లకి ఇంకోటి. మూడూ మూడు రకాలు. వాటిని మిగిలిన పలకల మీద పరిచి సుద్దతో గీశాడు.

గీశాక చేయి ఆగింది. గీత పలక చివరికి ఒకచోట వేలెడు లోపలికి, ఒకచోట రెండు వేళ్లు లోపలికి నడుస్తోంది. అటూ ఇటూ వదిలిన ఆ రెండు వేళ్లు లేకపోతే గీత గాల్లో పడేది. ఊరంతా నవ్విన కుట్టే ఇప్పుడు గోడ ఒంపుకి సరిపోయే చెక్క ఇచ్చింది.

"నవ్విన నాపచేనే పండింది రా బామ్మర్దీ," అన్నాడు పైకే. వినడానికి ఎవరూ లేరు. అయినా రెండోసారి అన్నాడు.

రంపంతో గీత బయట కోసి, ఆకురాయితో గీత దాకా అరగదీశాడు. చేతులు బొబ్బలెక్కాయి. గోడకి మొదటి కన్నం వేసినప్పుడు పైపూత పెళ్లగా రాలి ఎలక బొరియంత అయింది. కొట్టావిణ్ణి ఈసారి ముందే అడిగాడు. పూత దాటి ఇటుకలోకి దిగేదాకా డ్రిల్ నొక్కమంది, కన్నంలో ప్లాస్టిక్ గొట్టం దిగ్గొట్టి అందులోకి మరమేకు బిగించమంది. అలాగే చేశాడు. కింద ఆనడానికి చెక్క పట్టీలు బిగించి, రసమట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా సరిచేశాడు. గోడలు వంకరైనా అర మట్టంగా ఉండాలి. మనిషి భుజం జారినా కాలర్ తిన్నగా ఉండాలి కదా.

పలక పట్టీల మీద పెట్టి తోశాడు. కొత్త గుండీ కాజాలోకి వెళ్లినట్టు బిగుతుగా వెళ్లి కూర్చుంది. సందులో గోరు కూడా దూరలేదు.

పాడైన మొదటి పలకని వీధి గుమ్మం దగ్గర చెప్పుల కింద వేశాడు. పగ లేని ముక్కలన్నీ కలిపి కిటికీకి తెర కుట్టాడు. సరిగ్గా సరిపోయాయి. లోకంలో అతనికి కోపం లేని మనుషులు ఒక కిటికీకి మించి లేరు. చివరికి నీలం చారల గుడ్డ తీసి, నాలుగు పొరలు చేసి, మిషన్ మీద అడ్డంగా నిలువుగా గట్టిగా తొక్కాడు.

ఆదివారం వాన పడింది. కూతురూ మనవరాలూ ముందు బావమరిది ఇంటికి వెళ్లి, అక్కడి గది చూసి, అతన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. తగువు తీర్చేవాడిలా అతనే ముందు నడిచాడు. గుమ్మంలో బురద కాళ్లు శుభ్రంగా తుడుచుకుని లోపలికొచ్చాడు.

కూతురు వెనక గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. పసుపు గోడలు, కిటికీకి రంగురంగుల తెర, గూట్లో రెండు అరలు, కింద బల్ల.

"ఎవరితో చేయించావు నాన్నా?"

"నేనే చేసుకున్నాను."

"అంతా నువ్వే?"

"కింద కారిన రంగు చుక్క చూడు. పనివాడైతే దాన్ని తుడిచేవాడు."

మనవరాలు సంచీలోంచి పెన్ను తీసి అర మీద పెట్టింది. పెన్ను కదల్లేదు. వెనక మూలకి తోసింది. గోడకి తగిలి ఆగింది.

"అమ్మా, ఇక్కడ పడట్లేదు," అంది. "అక్కడ నా పెన్ను బీరువా వెనక పడిపోయింది. ఇంకా అక్కడే ఉంది."

"తీయిస్తానన్నానుగా అమ్మా," అన్నాడు బావమరిది చిరాగ్గా. "గోడ వంకరైతే బీరువా ఏం చేస్తుంది? అందానికేముంది, బరువు ఆగాలి. చెక్కకి కుట్లు వేసిన మనిషి ఈయన! పుస్తకాలతో సహా పిల్ల నెత్తిన పడితే?" అంటూ రెండు చేతులతో అర పట్టుకుని వేలాడాడు. కాళ్లు కూడా పైకెత్తాడు.

పటుక్కుమంది.

అందరూ అర వైపు చూశారు. అర చెక్కు చెదరలేదు. బావమరిది మెల్లగా కాళ్లు కింద పెట్టి, చేయి దించి, చంక తడుముకున్నాడు. చొక్కా కుట్టు జానెడు విడిపోయింది.

"రెడీమేడా?" అని అడిగాడు దర్జీ.

మనవరాలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కూతురు మాత్రం ఆపుకోలేకపోయింది. నవ్వి నవ్వి, "నాన్నా, పాపం, కాస్త కుట్టి పెట్టు," అంది.

"ఆదివారం సెలవు."

కూతురు తెర దగ్గరికి వెళ్లింది. ఒక ముక్క మీద చేయి వేసి ఆగింది. "ఇది నా గౌను."

"నీదే."

"ఇది పోస్టుమాన్ బాబాయిది. ఇది కాంపౌండర్ గారిది." ఒక్కో ముక్కా తడిమింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "పిల్ల ఇక్కడే ఉంటుంది. సామాను రేపు తెస్తాం," అంది.

దర్జీ తలూపాడు. కిటికీలోంచి వాన చూశాడు.

బావమరిది చంక మూసుకుని తెర ముందుకొచ్చాడు. పై నుంచి కింది దాకా వెతికాడు. గొంతు తగ్గించి అడిగాడు: "బావా, నాదేదీ కనబడదే? నా పెళ్లి సూటు నువ్వే కుట్టావుగా. చారలది."

"ఉంది."

"ఎక్కడ?"

"వచ్చేటప్పుడు కాళ్లు తుడుచుకున్నావు కదా, అది."

బావమరిది గుమ్మం దాకా వెళ్లి, వంగి చూసి, గొడుగు తీసుకుని వానలోకి దిగాడు. ఈసారి దాని మీద కాలు పెట్టకుండా దాటి వెళ్లాడు.

మనవరాలు అప్పటికే బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాతయ్యా, ఒక్క మాట. నేను చదువుకునేటప్పుడు ఆ మిషన్ తొక్కితే ఊరుకోను."

"నా ఇల్లు, నా మిషన్. నా ఇష్టం వచ్చినప్పుడు తొక్కుతా."

"అయితే నేను పైకి చదువుతా. పెద్ద గొంతుతో."

"చదువు. నేను ఇంకా గట్టిగా తొక్కుతా."

"తొక్కు చూద్దాం!"

దర్జీ మిషన్ దగ్గరికి వెళ్లి కూర్చుని, గుడ్డేమీ పెట్టకుండానే చక్రం తిప్పాడు. వెనక గదిలోంచి పిల్ల గొంతు లేచింది. ఇతను ఇంకా గట్టిగా తొక్కాడు.