పదకొండో తెర

నీటి వంతు రోజు లక్ష్మీతిరుపతమ్మ పొద్దున్నే గేదెలకు గడ్డి వేసి, డబ్బాలో పెరుగన్నం సర్దుకుని, పోతనాళ బస్టాండు పక్కనున్న కనకప్ప జిరాక్సు కొట్టుకు వెళ్ళింది. కొట్లో వెనకగోడకు ఆనించి ముప్ఫై ఏళ్ళనాటి వీడియో గేమ్ పెట్టె ఉంది. బొమ్మను నడిపే అరిగిన కర్ర, ఎర్ర బొత్తాం, గీతలు పడ్డ తెర. తెర మీద నీళ్ళు ఎంతదూరం పారితే ఊరి బయట పిల్లకాలువలోనూ అంతదూరం పారుతాయి. నీటి సంఘం వాళ్ళు వంతుల పట్టికలో ఆడేవారి పేరుకు ఒక గడి కూడా గీశారు. వంతుకు ఒక్క ఆట. పోతే మళ్ళీ పన్నెండు రోజులకే.

ఆట చివరి పొలం వాళ్ళే ఆడాలన్నది కట్టుబాటు. పైవాళ్ళు ఆడితే తమ మడి నిండగానే లేచిపోతారు. ఇన్నాళ్ళూ ఆమె భర్త లోకనాథ్ ఆడేవాడు. అతను మంచాన పడ్డాక ఈ వంతు ఆమెకొచ్చింది.

పన్నెండు తెరలు, పన్నెండు పొలాలు. ఆఖరిది ఆమె కౌలు చేస్తున్న మూడెకరాలు. వరి పాలు పోసుకుంటోంది, నేల నెర్రెలిచ్చింది. ఈ తడి అందకపోతే పంటంతా తాలే.

ఆటలోని ఆలోచన గొప్పది. మడి నిండగానే తూము మూస్తేనే తర్వాతి తెర తెరుచుకుంటుంది. ఎవరికి కావలసినంత వాళ్ళకి, మిగిలింది కిందివాడికి! జెండాల మీద రాసుకున్న మాటే. కానీ ఆ మాట చెప్పినవాడే పదకొండో తెరలో తూము తీసేసి బండ పెట్టాడు. బండను తోయొచ్చు, లాగలేం. దాన్ని తోసి నీళ్ళొచ్చే మడవ మూశామా, తెర మీది బొమ్మమనిషి దాని వెనకే ఇరుక్కుపోతాడు; మూయకుండా వదిలేసి నడిస్తేనే పన్నెండో తెర. పది తెరలు న్యాయం నేర్పి, పదకొండో తెరలో ఆ న్యాయం నేర్చిన చేతినే నరికే ఆట. దాన్ని తయారుచేసినవాడు బురదలో ఒక్కనాడూ కాలు పెట్టి ఉండడు. కిందివాళ్ళ బతుకులకు నియమాలు రాసేవాళ్ళు ఎప్పుడు పెట్టారు గనక!

పదకొండో పొలం బాపయ్యది. ముందే నాటాడు కాబట్టి కోత కూడా అయిపోయింది. అయినా ఆ మడి నిండితే తప్ప నీళ్ళు ముందుకు కదలవు; కోతల సంగతి ఆటకు తెలియదు. అతనూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"వదినా, నా మడవ మటుకు కట్టమాక. పనలన్నీ గట్టు మీదకి మోసేశా. మునిగినా ఏం పర్లేదు."

"మడి నిండినాక కట్టకుండా ఎట్టా పోతారయ్యా? మా అత్త చూస్తే చేతులు విరగ్గొట్టుద్ది."

"మీ అత్త పోయి ఇరవయ్యేళ్ళయింది గదా."

"పోతే? కల్లోకొచ్చి మరీ తిడుద్ది."

కనకప్ప నవ్వలేదు. "అమ్మా, పక్క కాలువ మారెప్ప గిట్లనే ముచ్చట్లు పెట్టుకుంట బండ నూకిండు. పొలమంత ఖరాబైంది. మాటలు బంద్ జేసి ఆడు."

మధ్యాహ్నానికి పది తెరలు దాటాయి. పది తూములు తెరిచింది, పది తూములు మూసింది. పదకొండోది వచ్చింది. నీళ్ళు మడిలో పరుచుకున్నాయి, గట్టు అంచు తాకాయి.

"వదిలెయ్ వదినా. నడువు, నడువు."

బొమ్మమనిషి రెండడుగులు వేశాడు. నీళ్ళు గట్టు మీంచి పొర్లబోయాయి; ఊరి బయట ఆ గట్టు మీదే బాపయ్య పనలు. నలభై ఏళ్ళుగా ఇతరుల మడిలో నీళ్ళు పొర్లుతుంటే చూసి ఊరుకోని చెయ్యి అది. మనసుకన్నా ముందే కదిలింది. బండ వెళ్ళి మడవలో సరిగ్గా కూర్చుంది.

ఆమె కర్రను వెనక్కి గుంజింది. బొమ్మమనిషి వెనక్కి తిరిగాడు, బండకు తల కొట్టుకున్నాడు, మళ్ళీ తిరిగాడు.

"నేను కాదు బాపయ్యా," అంది. "ఈ చెయ్యి."

"తెలుసు వదినా." అతను తల దించుకున్నాడు. ఒక్క పన కూడా తడవలేదు.

కనకప్ప పట్టిక చూసి తర్వాతి కాలువ తరఫున ఆడేవాడి పేరు పిలిచాడు. "పంపాపతీ, రా."

తొమ్మిదో రోజుకి వెన్నులు తెల్లబడ్డాయి. లక్ష్మీతిరుపతమ్మ తన పొలంలోకి తనే రెండు గేదెల్ని తోలి, గట్టు మీద నిలబడింది. అదే వేళకి కొట్లో తెర దానంతటదే వెలిగింది. పన్నెండో మడిలో రెండు నల్లచుక్కలు మేస్తూ అటూ ఇటూ కదిలాయి. మడి ఖాళీ అయ్యాక, ఆట గెలిచినప్పుడు వచ్చే పాట హుషారుగా మోగింది.

కనకప్ప లేచి ప్లగ్గు పీకాడు. పాట ఆగలేదు.