అంబకిస్యే తీయొద్దన్న తలుపు

ఎంబేయా పట్నంలో మా బియ్యం గోదాముకి అప్పట్లో నేనే మేనేజర్ని. కైలా నుంచి కొండ మలుపులన్నీ తిరిగి వచ్చే లారీలను దింపించడం నా పని. హమాలీలకు పెద్ద అంబకిస్యే. ఏ లారీ వచ్చినా ముందు దాని చుట్టూ నడిచి, సరుకు ఎటు ఒరిగిందో చూశాకే గొళ్ళెం మీద చెయ్యి వేసేవాడు.

"ఆవుని కొనడానికొచ్చావా, లారీ దింపడానికొచ్చావా?" అని తోటివాళ్లు వెక్కిరించేవారు.

"ఆవైతే తన్నినా బతుకుతాం" అనేవాడు.

మాకు వానలు పడే మార్చి నెలలో ఒక మధ్యాహ్నం లారీ వచ్చేసరికి కొండ మీద మబ్బు దట్టంగా పట్టింది. టార్పాలిన్ తీసి చూస్తే కుడివైపు తలుపు బయటికి ఉబ్బి ఉంది.

"అమ్మా, ఈ తలుపు తీయకూడదు" అన్నాడు అంబకిస్యే. "బస్తాలన్నీ దీని మీదికే ఒరిగాయి. వెనక నుంచి పైకెక్కి ఒక్కోటీ దింపుతాం."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు."

"ఈలోపు బియ్యం తడిసి ముద్దవుతాయి. రోజూ తీసే తలుపేగా, అన్నా."

"రోజూ ఇలా ఉండదమ్మా."

"వయసు మీద పడి నీకు భయం పట్టుకుంది" అన్నాను, అందరి ముందూ.

హమాలీలు నవ్వారు. అతను నవ్వలేదు. అందరినీ దూరంగా జరగమని, తనే సుత్తి తీసుకుని పక్కగా నిలబడి మొదటి గొళ్ళెం కొట్టాడు. రెండోది కొట్టేటప్పుడు పక్కకి తప్పుకునే వీలు లేకపోయింది. తలుపు అతని మీద విరుచుకుపడింది. దాని మీద క్వింటాలు బస్తాలు తొమ్మిదో పదో.

వాటిని లాగేసరికి అతనికి ప్రాణం ఉంది. కుడికాలు మాత్రం ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు. వాన ఆ రోజు మా వైపు రానేలేదు.

అరటికాయల కూర వండుకుని ఆసుపత్రికి వెళ్లాను. "నా వల్లే, అన్నా" అన్నాను.

కాదంటాడేమో అనుకున్నాను. "అవును" అన్నాడు. మళ్లీ తనే, "నేనూ గట్టిగా కాదనాల్సింది. కానీ పని ఇచ్చేది మీరు. పైగా అందరూ నవ్వారు. ఎలా అంటాను?" అన్నాడు.

తర్వాత గోదాములో పద్ధతి మార్చాను. తలుపు తీయొచ్చో లేదో హమాలీల పెద్దే చెప్పాలి. వద్దంటే నేను రెండోసారి అడగకూడదు. కొత్తవాళ్లకు నేర్పడానికి రమ్మని అంబకిస్యే ఊరికి వెళ్లి అడిగాను.

"ఆ వాకిట్లోకి నేను రాలేనమ్మా. మీరే చెప్పండి" అన్నాడు.

అందుకే కొత్త హమాలీ చేరిన మొదటిరోజు నేనే చెబుతాను. ఉబ్బిన తలుపు గురించి, ఒరిగిన బస్తాల గురించి, ఆ రోజు నేనన్న మాట గురించి కూడా. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోతుంది. వెనక నిలబడ్డవాళ్లు, "ఏమన్నారమ్మా? వినపడలేదు" అంటారు. మళ్లీ చెబుతాను.