మొలక లేబుల్

మురళీధర్‌కు ఆ గదంటేనే రోత. పుంగనూరులో ఆదినారాయణ విత్తనాల గోడౌను వెనకాల ఉంటుంది. గోనెసంచుల దుమ్ము, ఎలుకల కంపు, ముక్కిన వేరుశనగ వాసన, మూడూ కలిసి అక్కడ కాపురం పెట్టాయి. ఆ కంపు మధ్యలో, బల్ల మీద ఒక కంప్యూటరు. మామూలు విండోస్ అయితే మదనపల్లెలో వీధికొకడు బాగుచేస్తాడు. ఇది యూనిక్స్. యూనిక్స్‌లో కూడా ఎవరూ పేరు వినని రకం. తయారుచేసిన కంపెనీ మూతపడి అయిదేళ్లయింది. బెంగుళూరువాడెవడో వదిలించుకుంటుంటే, చవగ్గా వచ్చిందని ఆదినారాయణ మహా సంబరంగా తెచ్చి పెట్టుకున్నాడు. ఈ చుట్టుపక్కల దాని మొహం చూసేవాడు మురళీధర్ ఒక్కడే, వాడి ఖర్మ.

2003 జూలైలో మంచి వాన పడింది. పదును మీదుంది నేల. ఆ తడి ఆరేలోగా విత్తనం పడాలి, లేకపోతే మెట్టరైతుకు ఆ ఏడు లేనట్టే. గోడౌనులో పదకొండొందల వేరుశనగ మూటలున్నాయి, బయట చెట్టుకిందా గోడవారా జనం కూర్చున్నారు. కానీ మూటకు మొలక పరీక్ష లేబుల్ లేనిదే అమ్మకూడదు. ఆ లేబుళ్లు అచ్చేసే పాత ప్రింటరు సరిగ్గా అప్పుడే చచ్చింది. కొత్త ప్రింటరు తెచ్చారు. దాని భాష ఈ ముసలి మెషీన్‌కు తెలియదు. ఆ రెంటికీ మాట కలిపే సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సోర్సుతో సహా. దాన్ని ఈ మెషీన్ మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే దీనికి అర్థమయ్యే రూపంలోకి మార్చుకోవాలి. మెట్టరైతు ఇంట్లో పుట్టినవాడు కాబట్టి, బయట కూర్చున్నవాళ్ల కోసమైనా రెండ్రోజుల్లో పూర్తి చేసేయాలని మురళీధర్ పట్టుబట్టాడు.

మదనపల్లె నెట్ సెంటర్‌లో నాలుగు గంటలు కూర్చుని దాన్ని దింపి, సీడీలో వేసుకొచ్చాడు. మొదటిరోజు ఆ దిక్కుమాలిన మెషీన్ ఫైళ్లను విప్పనే లేదు. పేరు పొడుగ్గా ఉన్న ఫైలునల్లా సగానికి నరికి పారేసింది. విప్పే ప్రోగ్రాం ఇంకోటి తెచ్చాక, కంపైలర్ నాకు చేతకాదంది. కంపైలర్‌కు కంపైలర్ తెచ్చాడు. రెండోరోజు పని మొదలైంది, సగం దాకా వచ్చింది, మళ్లీ మొదటికెళ్లింది. మళ్లీ సగం, మళ్లీ మొదలు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అదే తంతు. మధ్యలో ఆదినారాయణ పంపిన టీలో ఈగ. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

రాత్రి మదనపల్లె నెట్ సెంటర్‌కెళ్లి, ఆ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ల మెయిలింగ్ లిస్టులో గోడు వెళ్లబోసుకున్నాడు. తెల్లారేసరికి రెండు జవాబులు. ఒకడు, ఇంకా ఆ మెషీన్ వాడేవాళ్లున్నారా, తీసి చెత్తలో పారెయ్ అన్నాడు. వాడి నోట మన్ను పడ. రెండోవాడు ఒక్క ముక్క రాశాడు: గడియారం చూసుకో.

చూసుకున్నాడు. మెషీన్ లెక్కలో అది ఇంకా 2002 జనవరి. నిన్నగాక మొన్న దింపిన ఫైళ్లన్నీ దానికి ఏడాదిన్నర తర్వాత పుట్టబోయేవి. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకోలేక మొదటినుంచీ చేసుకుంటూ పోతోంది. లోపలి సెల్లు అయిపోయి ఉంటుందనుకుని, వాచీల కొట్లో కొత్తది కొని వేశాడు. తేదీ సరిచేశాడు. రెండు గంటల్లో కంపైల్ అయిపోయింది. నమూనా లేబుల్ ఒకటి కొడితే ముత్యాల్లాంటి అక్షరాలతో బయటికొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి వాడికి నవ్వొచ్చింది. గోడౌనులో ఉన్న లాట్ నంబరు కొట్టి, పదకొండొందల లేబుళ్లు ఇమ్మన్నాడు.

ఇవ్వనంది. మొలక పరీక్ష చేసి తొమ్మిది నెలలు దాటిన లాటుకు ఆ మెషీన్‌లోని లేబుళ్ల ప్రోగ్రాం లేబుల్ ఇవ్వదు. ఈ లాటు పరీక్ష జరిగింది 2001 అక్టోబరులో.

అంతలో ఆపరేటరు యశోదమ్మ పరుగున వచ్చింది. పదేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న మనిషి.

"డేటు యాల మార్చినావప్పా? దాన్ని ముట్టుకోకుండా ఉంటే సరిపోయుండు."

సెల్లు బాగానే ఉందన్నమాట. సీజను రాగానే గడియారాన్ని వెనక్కి తిప్పడం, లేబుళ్లు కొట్టుకోవడం, ఇవాళ్టి తేదీ రబ్బరుస్టాంపుతో గుద్దడం, ఇదీ వీళ్ల పద్ధతి. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. మూడు సీజన్ల నుంచి అంది. చీమ కుట్టినట్టయినా లేదు ఆమెకు.

"ఇట్లాంటి పాడుపని నీకెవరు నేర్పించినారక్కా?"

ఆమె వాడికేసి వింతగా చూసి, మానిటరు పక్కన అతికించిన కాగితం చూపించింది. "నువ్వే కదప్పా."

అక్షరాలు వాడివే. రెండువేల సంవత్సరం రాగానే ప్రోగ్రాం మొరాయిస్తే, నెల్లాళ్లు గడియారం వెనక్కి పెట్టుకుని నడిపించండి అని తనే చెప్పాడు. కమాండు తనే రాసిచ్చాడు. ఆ తర్వాత ప్రోగ్రాం బాగుచేసి వెళ్లిపోయాడు, కాగితం మాత్రం పీకలేదు. వాడికి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. లేచి గోడౌనులోకెళ్లి, ఒక మూటలో చెయ్యిపెట్టి నాలుగు కాయలు ఒలిచాడు. గింజ ముడుచుకుపోయి ఉంది. నోట్లో వేసుకుంటే చేదు. ఉమ్మినా పోలేదు.

ఆదినారాయణ వచ్చాడు. కొత్త ప్రింటరు పనిచేస్తోంది కాబట్టి, ఇక తేదీ వెనక్కి పెడితే సరి, గంటలో పనైపోతుంది. అదే చెప్పాడు, అరిచి కాదు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. మురళీధర్ కుదరదన్నాడు.

"నిన్ను ప్రింటరు కోసం పిలిచినాము. గింజ మొలిస్తే నీకేమి, మొలవకుంటే నీకేమి?"

మురళీధర్ తేదీ మార్చే పాస్‌వర్డు తనకొక్కడికే తెలిసేలా మార్చేశాడు, కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు, బస్సెక్కాడు. మదనపల్లెలో దిగి వ్యవసాయాఫీసుకు ఫోన్ చేస్తే, సారు క్యాంపులో ఉన్నారు, అర్జీ రాసిచ్చుకో అన్నారు. రాసిచ్చాడు. లేబుళ్లు లేవు, కాబట్టి మూటలు కదలవు. ఆ ధైర్యంతో ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మనసాగక మళ్లీ పుంగనూరు వెళ్లాడు. గోడౌను తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ప్రతి మూటకూ ఆకుపచ్చ లేబుల్, తళతళలాడుతూ. యశోదమ్మ తల వంచుకుని చెప్పింది. కుప్పంలో ఆఫ్‌సెట్ ప్రెస్సుందట. అక్కడైతే ఈ ఊరివాళ్లెవరూ ఎరగరని ఆదినారాయణ నిన్ననే మనిషిని పంపాడట. పూట పని. కంప్యూటరే అక్కర్లేదు. మూడు రోజులు వాడు నెత్తిన పెట్టుకు మోసిన చాకిరీ అంతా, వాడు వేసిన తాళమంతా, ప్రెస్సువాడి ఒక్క పూట పని ముందు నిలవలేదు.

లైనులోకి దూరాడు. విత్తనం ముక్కిపోయిందని ముందున్న ఇద్దరు ముగ్గురికి చెప్పాడు. లేబుల్ ఉండాది కదప్పా అన్నారు. వాళ్లు కదిలిపోయాక, అప్పుడే మూట తీసుకున్న ఒకామె ఎదురుపడింది. పెద్దమండ్యం పక్క నుంచి వచ్చిన అంజమ్మ. ముక్కిన విత్తనాలమ్మా, మొలవవు, తిరిగిచ్చెయ్ అని బతిమాలాడు.

ఆమె సంచి మూతి విప్పి గుప్పెడు తీసి వాసన చూసింది. మళ్లీ లోపల పోసేసింది.

"తెలుసప్పా. నాకు వాసన తెలీదా? రేపటికి పదును ఆరిపోతాది. ఇవి గాకపోతే ఇంకేం ఇత్తమంటావో సెప్పు, అదే ఇత్తుతా."

మదనపల్లెలో గానీ కుప్పంలో గానీ మంచి విత్తనం ఎక్కడుందో మురళీధర్‌కు తెలియదు. ఆమె బస్సొచ్చే వైపు ఒకసారి చూసి, చీరకొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, మూట పక్కన వంగింది.

"ఒక చెయ్యెయ్యప్పా, బస్సు పోతాది."

వాడు వంగి, రెండు చేతులా పట్టుకుని, ఆ మూట ఆమె నెత్తికెత్తాడు.