మంచు కింద లేని కుండీ

కోహరు గులాబీ చచ్చిపోలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరికి ఏమవుతుందో తెలియకుండా కథ చదవడం నావల్ల కాదు, ఇంకొకరిని అలా కూర్చోబెట్టడమూ ఇష్టం లేదు.

నవంబరు మొదట్లో, జపాన్ ఉత్తరాన మా అసాహికవాలో మంచు ఇంకా నిలబడకముందు, మా అమ్మాయి కోహరు తన గులాబీ కుండీని పడుకోబెట్టింది. పక్కింటి పెద్దావిడ ఇవాబుచి గారు కంచె అవతల నిలబడి చెబుతుంటే, మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేసి, కొమ్మల్ని తాడుతో దగ్గరికి కట్టి, గడ్డి చాప చుట్టి, ఉత్తరపు గోడ వారగా కుండీని పక్కకి ఒరిగించింది. పైన ఎండుటాకులు పోసింది. ఇక మంచు పడి కప్పేస్తే ఏప్రిల్ దాకా దాని జోలికి పోనక్కరలేదు. బయట ఎంత చలి ఉన్నా మంచు కింద సున్నా దగ్గరే ఉంటుందట. ముప్పై కుండీల్ని నలభై ఏళ్లుగా అలా పడుకోబెడుతున్న మనిషి చెబితే నమ్మాలి. నేనూ నమ్మాను, డిసెంబరు దాకా.

కోహరుకి పదిహేనేళ్లు. రెండేళ్లుగా స్కూలుకి వెళ్లడం లేదు. ఎవరూ ఏమీ అనలేదంటుంది. ఒకరోజు పొద్దున్న బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది, అంతే. పోయిన మే నెలలో ఇవాబుచి గారు ఆ మొక్క ఇచ్చాక, దానికి నీళ్లు పోయడానికి మాత్రం గదిలోంచి బయటికి రావడం మొదలుపెట్టింది. వేసవిలో మూడు పూలు పూసింది, పీచు పండు రంగులో.

కుండీ మీద ఆకులు పోస్తూ, నా వైపు చూడకుండా, "ఇది మంచులోంచి బయటికొచ్చాక నేనూ స్కూలుకెళ్తాలే" అంది. వారానికి రెండు రోజులు వెళ్తే సరిపోయే హైస్కూలు ఒకటుంది. దాని కాగితాలు ఏడాదిగా మా ఫ్రిజ్ మీద పడి ఉన్నాయి.

బయటికొచ్చాక అంటే బతికి వచ్చాక అనే కదా అర్థం. చచ్చి వస్తే? ఆ ఆలోచన ఒకసారి పట్టుకున్నాక ఇక అన్నం సయించలేదు. నేను పనిచేసే సూపర్‌మార్కెట్ వంటగదిలో బంగాళాదుంప బిళ్లలు వేయిస్తూ రెండుసార్లు మాడ్చాను.

జనవరి మధ్యలో మైనస్ ఇరవై ఏడు అని టీవీలో చెప్పారు. మా ఆయన తెత్సురో మంచు తోసే బండి నడుపుతాడు, తెల్లారకముందే వెళ్లిపోయాడు. కోహరు నిద్రపోతోంది. పార పట్టుకుని ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లాను. ఒక్కసారి చూసి కప్పేద్దామనే వెళ్లాను. పార అంచు చాపలోంచి దిగబడి ఒక కొమ్మ టప్పున విరిగింది. విరిగినచోట గోధుమరంగు. బతికిన కొమ్మ అలా ఉంటుందా, చచ్చిన కొమ్మ అలా ఉంటుందా నాకేం తెలుసు. కుండీని గుండెకి హత్తుకుని ఇంట్లోకి తెచ్చేశాను. బట్టలుతికే గదిలో వేడినీళ్ల బాయిలరు పక్కన పెట్టాను. కోహరు ఆ గదిలోకి రాదు. తర్వాత బయటికెళ్లి, ఖాళీ గుంటని మంచుతో నింపి, పైన చేత్తో నున్నగా చేశాను. అచ్చం ముందులాగే కనిపించింది. సిగ్గేసింది కూడా.

పది రోజులకి కొమ్మలకి చిగుళ్లొచ్చాయి. ఆ ఆనందం పట్టలేక ఇవాబుచి గారి తలుపు తట్టి, చేసిందంతా చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు. "ఎంత పొడుగున్నాయి, కోహరువాళ్లమ్మా?"

"వేలెడంత ఉన్నాయండీ."

"రంగు?"

"తెల్లగా. కొంచెం పసుపు."

"నిద్రపోయేదాన్ని లేపి కూర్చోబెట్టావు. ఇప్పుడది ఆకలి అంటుంది. వెలుతురు లేదు, ఏం తింటుంది?"

"మళ్లీ మంచులో పెట్టేయనా?"

"పెడితే ఈసారి నిజంగానే చస్తుంది. గుమ్మం ముందు చల్లగా ఉండే మీ గాజుగది ఉందిగా, అందులో పెట్టు, ఇంటి గోడకి ఆనించి. ఆ చిగుళ్లు గిల్లేయి. కుండీకి దుప్పటి చుట్టు. పదిహేను రోజులకి ఒక కప్పు నీళ్లు, అంతకంటే వద్దు. ఇంకో మాట."

"చెప్పండి."

"రోజుకి పదిసార్లు చూడకు. నీ చూపుకే ఎండిపోతుంది."

గాజుగదిలో కిరోసిన్ డబ్బాల వెనక పెట్టి, కోహరు కంటపడకుండా ముందు అట్టపెట్టె అడ్డం పెట్టాను. ఫిబ్రవరి అంతా కొమ్మల కొసలు నల్లబడుతూ వచ్చాయి. మొదట ఒక వేలు మేర, తర్వాత రెండు. రోజుకి పదిసార్లు చూడలేదు. నాలుగైదుసార్లు చూశాను. అది చాలదన్నట్టు ఫిబ్రవరిలోనే కోహరుకి పన్ను నొప్పి. వాళ్ల నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. దవడకి పాకిందేమోనని వారం రోజులు గంజి కాచి పెట్టాను. కిక్కురుమనకుండా తాగింది.

ఏప్రిల్ మొదటి ఆదివారానికి గోడ వార మంచు మోకాలి ఎత్తుకి దిగింది. కోహరు మధ్యాహ్నం బూట్లు వేసుకుని పార తీసుకుంది. లేని కుండీ కోసం తవ్వబోతోంది. ఇక నావల్ల కాలేదు. వంటింట్లో తెత్సురో నూడుల్స్ తింటున్నాడు. అతని ముందే చెప్పేశాను.

"కోహరూ, అది అక్కడ లేదు. జనవరిలోనే నేను తీసేశాను. కొమ్మ విరిచాను. తర్వాత వేడిలో పెట్టి పాడుచేశాను. నీ మొక్కని నేనే..."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"కిరోసిన్ డబ్బాల వెనకుంది. అంతకుముందు బాయిలరు పక్కనుంది. సాక్సు కోసం వెళ్తే కనిపించింది. ఈ పార దారిలో మంచు తీయడానికి."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

పారని గోడకి ఆనించి, ఇవతలికొచ్చి గుమ్మంలో కూర్చుంది. "మంచులోంచి బయటికొస్తే వెళ్తానన్నాను కదమ్మా. ఏప్రిల్ అనుకుని అన్నా. నువ్వేమో జనవరిలోనే తీసుకొచ్చి పెట్టావు. వారం రోజులు చూడనట్టే తిరిగా. తర్వాత దరఖాస్తు నింపి నాన్నకిచ్చా. సంతకం బదులు ముద్ర వేశాడు."

నేను తెత్సురో వైపు తిరిగాను. గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"పన్ను నొప్పి?" అన్నాను.

"ఇంటర్వ్యూ" అన్నాడు.

"వారం రోజులు గంజి కాచానే."

"బాగానే ఉంది గంజి" అంది కోహరు.

"సీటు వచ్చిన ఉత్తరం మార్చిలోనే వచ్చింది. నా బండి సీటు కింద పెట్టా" అన్నాడు ఆయన. "ముందే చెబితే నువ్వు నిద్రపోతావా? బస్సు జారుతుందంటావు, క్లాసులో పిల్లలు ఎలాంటివాళ్లో అంటావు. నువ్వంటుంటే అది వింటుంది."

అంటాను. నిజమే.

"పదో తారీకు నుంచి" అంది కోహరు. "మంగళవారం, శుక్రవారం. భయంగానే ఉందమ్మా. కానీ వెళ్తా."

అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

కోహరు కుండీ ఎత్తుకుని కంచె దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఇవాబుచి గారు కళ్లజోడు పైకి తోసుకుని కొమ్మల్ని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చారు. నల్లగా ఉన్నదంతా కత్తెరతో తీసేశారు. మట్టి మీద నాలుగు వేళ్ల ఎత్తు మోళ్లు మూడు మిగిలాయి. ఒకదాని బెరడు గోటితో గీకారు. లోపల ఆకుపచ్చ.

"తాకి చూడు" అన్నారు కోహరుతో.

"తడిగా ఉంది" అంది కోహరు.

"ఈ ఏడు పూలు ఆలస్యమవుతాయి. ఆగస్టు అనుకో. తొందరపెట్టకండి." ఆ చివరి మాట నన్ను చూసి అన్నారు.

"నేనేం తొందరపెట్టనండీ" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

వాళ్లు ఎరువు గురించి మాట్లాడుకుంటుంటే ఇంట్లోకి వచ్చేశాను. విపరీతంగా ఆకలేసింది. ఇన్ని నెలల్లో అలా ఆకలేసిందే లేదు. తెత్సురో టీ కోసం ముందుగదిలోకి వెళ్లినట్టున్నాడు, గిన్నెలో సగానికి పైగా నూడుల్స్ ఉన్నాయి, చల్లారిపోయి. నిలబడే తినేశాను, రసం కూడా తాగేశాను.

"అది నాది" అన్నాడు తెత్సురో, చేతిలో కప్పుతో గుమ్మంలో నిలబడి.

"ఇంకోటి చేస్తా, కూర్చో" అని స్టవ్ మీద నీళ్లు పెట్టాను.