గోరు మందం

కొలతమ్మకి నలభై రెండేళ్ళు. పొద్దున లేవగానే, మొహమైనా కడుక్కోకుండా, ఇంటి ముందున్న కార్ల రిపేరు షెడ్డు గుమ్మానికి అడ్డంగా టేపు పట్టి కొలుస్తుంది. ఆ పేరు అలా వచ్చిందే.

ఆ ఇంట్లోంచి వీధిలోకి దారి షెడ్డు గుమ్మం ఒక్కటే. ఆమె కాపురానికొచ్చినప్పుడు అది ఎనిమిదడుగుల వెడల్పు, అంతే ఎత్తు. బయటికి వెళ్ళబోయే మనిషిని "ఎక్కడికి?" అని అడిగినప్పుడల్లా అది గోరు మందమంత ముడుచుకుంటుంది, పైనుంచి కూడా అంతే దిగుతుంది. అడిగేది ఆమె మొగుడు. కూరలకని సంచీ తీస్తే అడిగేవాడు. చెల్లెల్ని చూసొస్తానని చెప్పుల్లో కాళ్ళు పెడితే అడిగేవాడు. పందొమ్మిదేళ్ళకి గుమ్మం ఐదున్నర అడుగులకొచ్చింది. పని తెచ్చేవాళ్ళు తల వంచుకుని లోపలికొస్తారు. ఆయన దాన్ని మర్యాద అనుకుంటాడు. ఒకసారి గోడ పగలగొట్టించి వెడల్పు చేయించారు. తెల్లారేసరికి మళ్ళీ దాని కొలతకే వచ్చేసింది. "పాత ఇళ్ళంతేలెండి," అంటూ తాపీమేస్త్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారి గది గుమ్మమైతే జానెడే మిగిలింది. ఆవిడ గది దాటబోయినప్పుడల్లా అడిగింది మామగారు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా అది మళ్ళీ తెరుచుకోలేదు. గదిలోపలే స్నానాలగది కట్టించి పోవడం ఆయన చేసిన ఒకే ఒక్క పుణ్యం. ఆవిడకి కంచం ఏటవాలుగా తిప్పి అందించాలి. ఆవిడ మాత్రం ఎవర్నీ ఎక్కడికని అడిగి ఎరగదు.

షెడ్డు బోర్డు మీద మొగుడి పేరు ఉంటుంది. వెల్డింగు అతుకు మీద వేలు పెట్టి రాసి "మేస్త్రి చెయ్యి చెయ్యే," అంటారు జనం. ఆ చెయ్యి కొలతమ్మది. ఆయన చేసేది మాట్లాడటం. ఆమెకి వచ్చిన డ్రైవింగంతా షెడ్డు లోపలిదే: ముందుకి ఇరవై అడుగులు, వెనక్కి ఇరవై అడుగులు.

ఆ ఏడాది ఆయన తుక్కులోంచి ఒక పాతకాలం కారు బాడీ తెచ్చాడు. ఇంజనూ లేదు, అడుగూ లేదు. దానికి వేరే ఇంజను బిగించి, హాట్ రాడ్ అనే పోటీకారు కట్టి పాత కార్ల పోటీలో తను నడపాలని ఆయన సరదా. కొలతమ్మ ఇనప బాక్సు పైపులు కోసి రెండు పొడుగు పట్టాలు, నాలుగు అడ్డపట్టీలు పేర్చింది. ముందు చుక్కచుక్కగా అతికి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి, రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాకే నిండుగా వెల్డింగు చేసింది. బాడీని గొలుసు కప్పీతో ఎత్తి ఫ్రేము మీదకి దించితే, బోల్టులన్నీ వేలితో తోస్తే చాలు దిగిపోయాయి.

ఆ సాయంత్రం అత్తగారికి కంచం అందిస్తూ చెప్పింది.

"కారు తీసుకుని పోదామనుకుంటున్నానత్తయ్యా."

"నడిచి పోలేవుటే? నీకింకా గుమ్మం ఉందిగా."

"ఒట్టి చేతుల్తో పోయి పని వచ్చంటే ఎవరు నమ్ముతారు? బోర్డు మీద పేరు మీ అబ్బాయిది."

ఆవిడ కాసేపు నమిలింది. "అయితే గుమ్మం కాపాడుకో," అంది.

గుమ్మం కాపాడుకోవడమంటే బయటికి వెళ్ళకపోవడమే. ఆమె కదలకపోతే ఆయన అడగడు. నాలుగు నెలలు ఆమె గడప దాటలేదు. చెల్లెలు పురిటికి రమ్మని రెండుసార్లు కబురు పెట్టినా వెళ్ళలేదు. వీధి ఎలా ఉందో పని తెచ్చేవాళ్ళ చెప్పులకి అంటిన బురద చూసి తెలుసుకునేది. "ఇప్పుడే కదా దారిలో పడ్డావు," అని మెచ్చుకున్నాడు మొగుడు.

తీరా ఇంజను దింపి, టైర్లు బిగించాక లెక్క తప్పింది. ఇన్నాళ్ళూ ఆమె బాడీనే గుమ్మంతో పోల్చి కొలిచింది. హాట్ రాడ్‌కి చక్రాలు బాడీ బయట ఉంటాయి. ఆయన తెచ్చిన వెనక టైర్లు పిప్పళ్ళబస్తాల్లా ఉబ్బి మూడంగుళాలు ఎక్కువొచ్చాయి. ఆమె ఇరుసు విప్పి, రెండు పక్కలా కోసి, కురచ చేసి మళ్ళీ అతికింది. టాపు నాలుగంగుళాలు కోసి దించింది. చివరికి అటు రెండు గోళ్ళు, ఇటు రెండు గోళ్ళు ఖాళీ మిగిలింది.

పోటీ రోజు ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి కారెక్కబోయాడు. తల దూరింది, పొట్ట దూరలేదు.

"టాపు ఇంతలా కోశావేమిటే?"

"ఫ్యాషనండీ. మీరు చూపించిన ఫొటోలో అంతే ఉంది."

"సర్లే, నువ్వు వీధిలోకి తీసి పెట్టు. అక్కడ సీటు విప్పేసి కూర్చుంటా."

ఆమె కూర్చుంటే సరిగ్గా సరిపోయింది. ఇంజను తిప్పింది.

"మెల్లిగా పోనీ. ఎక్కడికి పోతున్నావ్, ఎడమకి తిప్పు. ఎక్కడికి? ఎడమంటే అటు ఎక్కడికే?"

మూడు గోళ్ళు పోయాయి. వెనక టైరు గుమ్మాన్ని రాసుకుని నల్లటి గీత పెట్టింది. కారు ఎండలోకొచ్చింది. ఇరవై అడుగులు అయిపోయాయి. ఆమె ఆపలేదు.

"ఏయ్, ఎక్కడికి?"

నాలుగో గోరు ఆమె వెనకాల ఖాళీలో ముడుచుకుంది. షెడ్డు లోపలున్న ఆయన చెప్పులు వదిలేసి గుమ్మం వైపు పరిగెత్తాడు.

జానెడు సందులోంచి అత్తగారు పిలిచింది.

"ఎక్కడికిరా?"

ఒక్కసారే అడిగింది. బతుకంతా అడక్కుండా దాచుకున్నవన్నీ అందులోనే ఉన్నట్టున్నాయి. షెడ్డు గుమ్మం ఆయన ముక్కు ముందు జానెడుకొచ్చి ఆగింది.

కాసేపటికి ఎదురుగా ఉన్న టీకొట్టతను వచ్చి, ఏమీ అడక్కుండా, గ్లాసు సందులోంచి అందించాడు. తర్వాత్తర్వాత కూరలూ, సరుకులూ అలాగే అందించాడు. మేస్త్రి వంట నేర్చుకున్నాడు. తల్లికి కంచం ఏటవాలుగా తిప్పి ఆయనే ఇస్తాడు.

"ఉప్పు తక్కువైందిరా," అంటుంది ఆవిడ.

పోటీలో ఆ కారుకి నాలుగో స్థానం వచ్చింది. రెండేళ్ళకి కొలతమ్మ వేరే ఊళ్ళో తన అసలు పేరుతో బోర్డు పెట్టి షెడ్డు వేసుకుంది. దానికి మూడు గోడలే కట్టించింది.